విన్నదొకరు, తీర్పు రాసిందొకరు

కాంతమ్మక్క సంగతి ఎత్తితే నాకు ముందు ఒళ్ళు మండుతుంది. ఆవిడ మీద కాదు, ఆవిడ కేసు మీద. నేను కలకత్తాలో ఒక క్రిమినల్ వకీలు దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేశాను. మన వైపు ఈ పనిని వకీలు గుమాస్తా అంటారు, ఇక్కడ ముహురి అంటారు. ఫైళ్ళు మోయడం, వాయిదాలు రాసుకోవడం, మెజిస్ట్రేటు పక్కన కూర్చుని ఫైళ్ళు అందించే పేష్కారు మొహం ఈ పూట ఎలా ఉందో చూసొచ్చి వకీలు గారి చెవిన వేయడం. నా పేరు జీవానందం. పేరులో ఆనందం ఉందిగాని, కోర్టులో ఉన్నంతసేపూ అది నా దరిదాపులకు వచ్చిన పాపాన పోలేదు. మా చేతిలో ఓడిపోయిన కేసులు చాలానే ఉన్నాయి. ఓడిపోతే ఒక ఏడుపు ఏడ్చి ఊరుకోవచ్చు. కాంతమ్మక్క కేసు చివరికి ఓడిపోనూ లేదు, గెలవనూ లేదు. అదీ నా మంట.

ఆవిడది ఓడరేవు పక్కన గార్డెన్ రీచ్‌లో, మా వరస ఇళ్ళలోనే చివరి గది. తండ్రి భీమిలి నుంచి ఓడరేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. భర్త ఆదాము ఓడల కార్ఖానాలో వెల్డరు, ఊపిరితిత్తులు పాడై చిన్న వయసులోనే పోయాడు. అప్పటినుంచీ కాంతమ్మక్క దక్షిణ కలకత్తాలో ఒక నర్సింగ్ హోములో ఆయా. మంచం పట్టిన ముసలమ్మలకు ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, అన్నం తినిపించడం ఆవిడ పని. ఎన్ని నెలలు మంచంలో ఉన్నా ఆవిడ చేతి కింది మనిషికి వీపు పుండు పడేది కాదని వార్డులో పేరు. బెంగాలీలు ఆవిణ్ణి, మనం పిన్నీ అన్నట్టు, 'కాంతా మాషీ' అని పిలిచేవాళ్ళు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని, పాస్టరు గారి కంటే ఒక అర తాళం ముందు పాట ఎత్తుకునేది. ఆయనకు కోపం వచ్చేది. ఆవిడకు పట్టేది కాదు.

ఎనభైల మొదట్లో ఆ నర్సింగ్ హోముకి నీహార్‌బాలా దేవి అని ఒక పెద్దావిడ వచ్చింది. తుంటి ఎముక విరిగింది. కలిగిన ఇంటి మనిషి, నోటికి అదుపు లేదు. ఇద్దరు ఆయాల మీద గిన్నెలు విసిరింది. మూడో ఆయాగా కాంతమ్మక్కని పంపించారు. ఈవిడ చెంచా పట్టుకుని, తెలుగులో, "నోరు తెరుస్తావా నేదా ముసిలీ, నీ తిక్క నా కాడ సాగదు" అనేది. ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అదేదో ముద్దు మాట అనుకుని నోరు తెరిచేది. నాలుగు నెలలు ఇద్దరికీ అలా గడిచింది. ఇంటికి వెళ్ళే రోజు నీహార్‌బాలా దేవి దిండు కింద నుంచి చిన్న వెండి తాంబూలం డబ్బా తీసి కాంతమ్మక్క చేతిలో పెట్టి గుప్పిట మూసింది. పళ్ళన్నీ ఊడిపోయాయి, ఇక నాకెందుకు అంది.

కొన్నాళ్ళకు కొడుకు డబ్బా ఏదని వెతికాడు. తల్లిని అడగాల్సింది. అడగలేదు, పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. పోలీసులు మా వరసకు వచ్చి చూస్తే డబ్బా గూట్లో అందరికీ కనపడేలా ఉంది. దొంగసొమ్మును మనుషులు నేలలో పాతుకుంటారు, ఈవిడ అందులో సూదులూ బొత్తాలూ పెట్టుకుంది. అయినా జీపెక్కించారు. వీధి వీధంతా చూసింది.

బెయిలు మీద బయటికొచ్చిన మర్నాడే కాంతమ్మక్క డ్యూటీకి వెళ్ళింది. మేట్రన్ గేటు దగ్గరే ఆపేసింది. చెడ్డ మనిషి కాదు. "పోలీసు కేసు ఉన్నవాళ్ళని రోగుల దగ్గర పెట్టలేను కాంతా. నువ్వు నిర్దోషివని కోర్టు రాసిస్తే ఆ కాగితం పట్టుకురా. ఆ రోజే డ్యూటీ ఇస్తాను" అంది. కాంతమ్మక్క ఆ మాట కొంగున ముడేసుకుంది. ఆ రోజు నుంచీ ఆవిడకు కావలసింది ఆ ఒక్క కాగితం. అది ఉంటే మళ్ళీ మాషీ, లేకపోతే దొంగ.

మా వకీలు శిశిర్ బాబుకు నేనే చెప్పాను. ఆయన ఫైలు చూసి నవ్వేశారు. "ఇదేం కేసయ్యా, డబ్బా ఇచ్చిన మనిషి బతికే ఉంది కదా" అన్నారు. పైగా డబ్బా ధర తక్కువ, కాబట్టి సంక్షిప్త విచారణ. చిన్న చిన్న నేరాలకు చట్టంలో ఉన్న అడ్డదారి అది. సాక్షులు చెప్పిందంతా పూసగుచ్చినట్టు రాయక్కర్లేదు, సారాంశం నాలుగు ముక్కలు రాసుకుంటే చాలు. త్వరగా తేలిపోతుంది. త్వరగా! ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి.

మొదటి మెజిస్ట్రేటు పెద్దాయన. నెమ్మది మనిషి. నీహార్‌బాలా దేవిని ఆవిడ మేనల్లుడు కుర్చీలో కూర్చోబెట్టి మోయించుకొచ్చాడు. కొడుకు మొహం మాడ్చుకుని మూల నిలబడ్డాడు. పెద్దావిడ బోనులోకి రాలేదు, కుర్చీలోంచే అరిచింది. "దియేఛి! ఇచ్చాను! వద్దమ్మా, వద్దమ్మా అంటుంటే చేతిలో కుక్కాను. అది నా పెళ్ళిలో వచ్చిన డబ్బా, వీడి పెళ్ళిలో వచ్చింది కాదు. నా వస్తువు నేనెవరికిస్తే వీడికేం?" కోర్టు హాలంతా నవ్వింది. సాహెబు కూడా నవ్వి, కళ్ళజోడు తుడుచుకుని, సారాంశం రాసుకున్నాడు: డబ్బాను తానే నిందితురాలి చేతికి ఇచ్చినట్టు సాక్షి చెప్పింది. తీర్పుకు వాయిదా వేశాడు. బయటికొచ్చాక కాంతమ్మక్క నన్ను పట్టుకుని, "ఆ బాబు నవ్వినాడు సూసినావా? నవ్వినోడు సిచ్చ ఎయ్యడు" అంది. నాకూ అలాగే అనిపించింది.

వాయిదా రోజున బంద్. ట్రాము లేదు, బస్సు లేదు, కోర్టు లేదు. ఇంకో తారీఖు ఇచ్చారు. ఆ తారీఖు వచ్చేలోగా సాహెబుకు బదిలీ అయ్యింది. నవ్వినాయన నవ్వు తనతోపాటే ఉత్తర బెంగాల్ పట్టుకుపోయాడు. ఫైలు మాత్రం మిగిలింది.

రెండో మెజిస్ట్రేటు కుర్రవాడు, చురుకైనవాడు. పెండింగ్ కేసులు తగ్గించాలని పట్టుదల. అదీ మంచి గుణమే. ఒక రోజు మా కేసును వరస తప్పించి ముందుకు లాగి పిలిచేశాడు. శిశిర్ బాబు పై అంతస్తులో ఇంకో కేసులో వాదిస్తున్నారు, నేను ఆయన పక్కన ఉన్నాను. కింద కాంతమ్మక్క ఒక్కతే. బయట రోడ్డు మీద ఊరేగింపు, నినాదాలు. పైన పంకా గడగడా కొట్టుకుంటోంది. సాహెబు ఫైలులోంచి తల ఎత్తకుండా అడిగాడు: పాత సాహెబు సాక్ష్యాలన్నీ విన్నారు, ఆ సాక్ష్యం మీదే తీర్పు ఇచ్చేయనా, నీకు సమ్మతమేనా?

కాంతమ్మక్కకు వినపడలేదు. బెంగాలీ ఆవిడకు నీళ్ళ ప్రాయంగా వచ్చు. కాని వినపడకపోతే నోటెంట వచ్చేది ఇంటి మాటే. మెడ ముందుకు చాచి, "ఆఁ?" అంది.

మన ఆఁ సంగతి మనకు తెలుసు. తేల్చి అంటే అవునని, సాగదీసి అంటే ఏమిటని. ఆ సాగదీత బెంగాలీ చెవికెక్కదు. అవును అనడానికి వాళ్ళు వాడే 'హ్యాఁ'కి అది అక్కచెల్లెలిలా వినపడుతుంది. సాహెబు రాసేసుకున్నాడు: నిందితురాలు సమ్మతించింది. నేను మెట్లు దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. "ఏటో అడిగినాడు తమ్ముడూ. ఆఁ? అన్నాను. మళ్ళీ అడగనేదు. తల ఊపి ఎల్లిపొమ్మన్నాడు" అంది కాంతమ్మక్క.

వారం తిరక్కుండా తీర్పు వచ్చింది. ఆ కుర్రాయన నీహార్‌బాలా దేవిని చూడలేదు. ఆవిడ అరుపు వినలేదు. ఆయన దగ్గరున్నది ఒక్క వాక్యం, 'చేతికి ఇచ్చినట్టు'. దానం చేసినట్టు అని అందులో లేదుగా! తోమి పెట్టమని ఆయా చేతికి ఇచ్చి ఉంటుంది, ఆయా ఇంటికి పట్టుకుపోయింది, కాబట్టి దొంగతనం అని తేల్చాడు. పదిహేను రోజుల జైలు. అప్పీలు చేస్తామని చెప్పి ఆ పూటే బెయిలు తెచ్చాంగాని, తీర్పు చదువుతున్నప్పుడు కాంతమ్మక్క బోను కమ్మీని పట్టుకున్న పట్టు నేను మరిచిపోలేదు. "నాను దొంగనా? ఏటి రాసినాడు, నాను దొంగనని రాసినాడా?" అని నన్నే అడిగింది. అవును, అలాగే రాశాడు.

శిశిర్ బాబు తీర్పు చదివి బల్ల మీద కొట్టారు. ఆయన చెప్పింది సులువైన మాటే. మామూలు కేసుల్లో ఒక మెజిస్ట్రేటు విన్న సాక్ష్యం మీద తరవాత వచ్చినవాడు తీర్పు ఇవ్వొచ్చు, అక్కడ ప్రతి మాటా రాసి ఉంటుంది గనక. సంక్షిప్త విచారణలో రాసేది సారాంశమే. మిగతాదంతా విన్నవాడి చెవిలోనే ఉంటుంది. అందుకని అక్కడ విన్నవాడే తీర్పు చెప్పాలి. అతను వెళ్ళిపోతే కొత్తవాడు సాక్షుల్ని పిలిచి మొదట్నుంచీ వినాలి. "ముద్దాయి సమ్మతిస్తేనో?" అన్నాను నేను. "ముద్దాయి కాదు, నేను సమ్మతించినా, సాక్షాత్తూ దేవుడు దిగొచ్చి సమ్మతించినా చెల్లదు" అన్నారు. అంటే కాంతమ్మక్క ఆఁ అవునైనా ఒకటే, ఏమిటైనా ఒకటే. అడగకూడని ప్రశ్న అడిగి, ఆవిడ అనని జవాబు రాసి, దాని మీద ఆవిణ్ణి దొంగను చేశారు.

అప్పీలు తేలడానికి రెండేళ్ళు పైనే పట్టింది. ఆ రెండేళ్ళూ కాంతమ్మక్క మా చుట్టుపక్కల బాలింతల ఇళ్ళల్లో పసిపిల్లలకు నూనె రాసి నీళ్ళు పోసి బతికింది. ఆవిడ లోపలికి వస్తుంటే కొందరు ఇంటివాళ్ళు ఉంగరాలు తీసి గూట్లోంచి బీరువాలోకి మార్చేవాళ్ళు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడ పిల్లాణ్ణి కాళ్ళ మీద వేసుకుని, తల దించుకుని నూనె రాసేది. చర్చిలో ముందు వరస మానేసింది. పాట ఎవరు ఎత్తుకున్నా వెనక నుంచి సన్నగా అందుకునేది. పాస్టరు గారికి ఇక కోపం రాలేదు, దానికి నాకు కోపం వచ్చింది.

అప్పీలు గెలిచాం. శిశిర్ బాబు చెప్పినట్టే జడ్జి గారు ఒప్పుకున్నారు. విచారణ చెల్లదు, శిక్ష రద్దు, అర్హుడైన మెజిస్ట్రేటు మళ్ళీ మొదటినుంచీ విచారించాలి అన్నారు. నేను బస్సు దిగి పరుగున వచ్చి చెప్పాను. ఆవిడ చేతికున్న నూనె చీరకు తుడుచుకుంటూ లేచింది.

"అయితే డ్యూటీకి ఎల్లొచ్చేటి?"

"లేదక్కా. మళ్ళీ మొదట్నుంచీ నడపాలి. సాక్షులందర్నీ మళ్ళీ పిలవాలి."

"మరి ఆ పెద్దమ్మ గారు సెప్పిందో?"

"అది చెరిపేసినట్టే. మళ్ళీ చెప్పాలి."

ఆవిడ మళ్ళీ పీట మీద కూర్చుంది. నీహార్‌బాలా దేవి అంతకు ముందు చలికాలంలోనే చనిపోయింది. కబురు తెలిసి కాంతమ్మక్క వెళితే, కొడుకు గుమ్మంలోంచే పంపేశాడు. "దేవుడు కాడి నుంచి దిగొచ్చి సాచ్చం సెప్పమంటావేటి ఆవిణ్ణి?" అంది. మేము గెలిచిన అప్పీలు ఆవిడ తరఫున ఉన్న ఒకే ఒక్క మాటను తుడిచేసింది. పాత సారాంశం పట్టుకెళ్ళి చూపిద్దామన్నా, అందులో మిగిలింది ఆ దిక్కుమాలిన 'చేతికి ఇచ్చినట్టు' అన్న ముక్కే.

ఆ తరవాత ఫైలు పడ్డ పాట్లు చెబితే కట్టుకథ అంటారు. అర్హుడైన మెజిస్ట్రేటు అన్నారు కదా, ఆయన ఎవరో తేలలేదు. ముందు ఒక కోర్టుకు పంపారు, ఆ స్టేషను ఏరియా నాది కాదని ఆయన తిప్పి పంపాడు. రెండో విడత ఎవరు చూసి పంపారో గాని, తిన్నగా ఆ కుర్రాయన కోర్టుకే పంపారు. తన తీర్పునే రద్దు చేసిన కేసు మళ్ళీ తన బల్ల మీదికి వస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు? నేను వినకూడదని రాసి పై అధికారికి పంపించాడు. ఆ ఒక్కటీ ఆయన సరిగ్గా చేశాడు. మూడో విడత ఖాళీగా ఉన్న కోర్టుకు పంపారు. అక్కడ మెజిస్ట్రేటే లేడు, పేష్కారు ఒక్కడే కూర్చుని అన్ని కేసులకూ తారీఖులు పంచుతున్నాడు. ప్రతి తారీఖుకీ కాంతమ్మక్క వెళ్ళాలి, వెళ్ళకపోతే వారెంటు. వరండాలో కూర్చుని మరమరాలు తింటూ, "ఈ ఫైలుకున్న తిరుగుడు నాకుంటే ఈపాటికి భీమిలి నడిసి ఎల్లొచ్చీసును" అనేది. నవ్వించడానికే అనేది. నాకు నవ్వు రాలేదు. నేను పేష్కారుతో పోట్లాడేవాణ్ణి. అతను నాకు టీ పోయించేవాడు.

చివరికి ఒక సాహెబు వచ్చాడు. మా లెక్కన విచారణకు మూడోవాడు. తెల్లజుట్టు, రిటైరవబోతున్న మనిషి. ఏళ్ళ తరబడి మూలుగుతున్న చిల్లర కేసుల్ని మూసేయమని అప్పుడు పై నుంచి మాట వచ్చింది. కొడుకు ఇల్లు అమ్మేసి ఢిల్లీ వెళ్ళిపోయాడు, సమన్లు తిరిగి వచ్చాయి. డబ్బా పట్టుకున్న పోలీసు దారోగా ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. సాహెబు ఫైలు అటూ ఇటూ తిప్పి, కాంతమ్మక్క వైపు జాలిగా చూసి, ఇంకా ఈవిణ్ణి తిప్పడం అన్యాయం, విచారణ ఆపేస్తున్నాను, డిస్చార్జ్ అన్నాడు. పేష్కారు ఆ మాటే గట్టిగా అరిచాడు. "డిస్చార్జ్! మాషీ, ఇంటికి వెళ్ళు!"

కాంతమ్మక్క మొహం అలా వెలగడం నేను ఏళ్ళుగా చూడలేదు. నా మణికట్టు పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"యిన్నావా తమ్ముడూ? డిస్చార్జ్ అన్నాడు! నయమైపోనాది!"

సాక్షులు చెప్పడం అయ్యాక కేసు ఆపితే నిర్దోషి అని రాయాలి. సాక్షులు చెప్పకముందే ఆపితే వట్టి డిస్చార్జ్, వదిలేశాం పొమ్మన్నట్టు. మా సాక్ష్యం అంతా అప్పీలులో కొట్టుకుపోయింది కదా, కాబట్టి లెక్క ప్రకారం ఆవిడ కేసులో ఎవరూ ఏమీ చెప్పలేదు. ముసలావిడ కుర్చీలోంచి అరవనే లేదు. "అక్కా, ఇది నిర్దోషి అన్న మాట కాదే" అన్నాను.

"పోరా! ఇరవయ్యేళ్ళు నర్సింగ్ హోములో సేసినాను, డిస్చార్జంటే ఏటో నాకు సెప్తావేటి నువ్వు?"

ఆర్డరు నకలు వచ్చేదాకా ఆగింది. వచ్చిన రోజున తెల్ల చీర గంజిపెట్టి కట్టుకుని, తలకు నూనె రాసి దువ్వుకుని, నన్ను వెంటబెట్టుకుని నర్సింగ్ హోముకు వెళ్ళింది. గేటు దగ్గర కొత్త దర్వాన్, ఆవిణ్ణి గుర్తుపట్టలేదు. మేట్రన్ మాత్రం అదే మనిషి, జుట్టు నెరిసింది. కుర్చీ వేసి కూర్చోబెట్టింది. కాగితం రెండుసార్లు చదివింది.

"కాంతా, ఇందులో నువ్వు తియ్యలేదని ఎక్కడుంది?"

"డిస్చార్జ్ అని ఉంది కదా దీదీ."

"ఉంది. కేసు ఆపేశారని ఉంది. సాక్షులు రాలేదని ఉంది. నిర్దోషి అని లేదు. నాకు నీ సంగతి తెలుసు, కాని పైవాళ్ళకు నేనేం చూపించను?" అంటూ మేట్రన్ కాగితం మడతపెట్టి, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది.

అక్కడి నుంచి శిశిర్ బాబు ఆఫీసుకు తీసుకెళ్ళాను. శిశిర్ బాబు సంగతంతా విని మళ్ళీ బల్ల మీద కొట్టారు. హైకోర్టుకు వెళ్దాం, డిస్చార్జ్ కాదు, నిర్దోషి అని రాయమని అడుగుదాం, నాకు ఫీజు అక్కర్లేదు అన్నారు. నిజంగానే అన్నారు. కాంతమ్మక్క ఆయన చెప్పిందంతా విన్నది, ఈసారి ప్రతి మాటా వినపడింది. ఆయనకు నమస్కారం పెట్టి, నా వైపు తిరిగి తెలుగులో అంది.

"వద్దని సెప్పు తమ్ముడూ. మా వోర్డులో డిస్చార్జులు రెండు రకాలు. నయమయ్యి నడుసుకుంటా ఎల్లినోళ్ళు కొందరు. ఇంక మా వల్ల ఏటీ అవదు, ఇంటికి తీసుకుపోండని పంపించీసినోళ్ళు కొందరు. కాయితం మీద ఇద్దరికీ ఒకే మాట రాస్తారు. నాది ఆ రెండోది."